టెక్ సందేహాలు: పలక చివర గుంట పడితే మోటారు మార్చాలా?

ఎప్పుడూ ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల గురించి రాసే ఈ శీర్షికకు ఈ వారం చెక్క పలకలను ఒకే మందానికి చిత్రిక పట్టే మిషన్ (థిక్‌నెస్ ప్లానర్) మీద మూడు ప్రశ్నలు వచ్చాయి. నాకు చెక్కపని అంటే ప్రాణం కాబట్టి మిగతావి వచ్చే వారానికి వాయిదా వేశాను.

ప్రశ్న: ఇంటి వెనక షెడ్డులో బల్లలు, పీటలు చేస్తుంటాను. నా థిక్‌నెస్ ప్లానర్‌లో ఈమధ్య పలక చివర రెండు మూడు అంగుళాల మేర గుంట పడుతోంది. పలక పొడవునా సన్నటి గీత కూడా ఉబ్బెత్తుగా వస్తోంది. మెకానిక్ మోటారు మార్చాలంటున్నాడు. మార్చమంటారా సార్? (గాజువాక)

జవాబు: మార్చకండి. మోటారు బలహీనపడితే శబ్దం దిగిపోతుంది, పలక మధ్యలో ఆగుతుంది, కాలిన వాసన వస్తుంది. మీరు చెప్పినవాటిలో అవేవీ లేవు.

ముందు గుంట సంగతి. బ్లేడ్లు బిగించి ఉండే, గిర్రున తిరిగే కట్టర్‌కు అటొకటి, ఇటొకటి పలకను లాగే రోలర్లు ఉంటాయి. పలక రెండింటి కిందా ఉన్నంతసేపు బల్లకు అదిమిపెట్టినట్టు ఉంటుంది. లోపలికి వెళ్లేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు మాత్రం ఒక్క రోలర్ పట్టే దిక్కు. ఆ కాస్త సమయంలో బయటున్న భాగం బరువుకు కిందికి వాలితే, లోపలున్న కొస పైకి లేస్తుంది. బ్లేడు అక్కడ ఇంకాస్త లోతుగా కొరుకుతుంది. దీన్నే స్నైప్ అంటారు.

తాపీమేస్త్రీలు వాడే అల్యూమినియం బద్ద ఒకటి తెచ్చి మధ్య బల్ల మీద, ముందూ వెనకా ఉన్న మడత బల్లల మీద కలిపి పెట్టి చూడండి. రోజూ బరువు పడీపడీ ఆ మడత బల్లల కొసలు దిగిపోయి ఉంటాయని నా అనుమానం. వాటి కింద ఉండే బోల్టు నట్టు వదులు చేసి, బయటి కొస విజిటింగ్ కార్డు మందమంత పైకి ఉండేలా సరిచేయండి. పొడవాటి పలకైతే బయటికొచ్చే కొసను చేత్తో కొద్దిగా ఎత్తి పట్టుకోండి. ఆఖరి సారి అర మిల్లీమీటరు మించి తీయకండి. అప్పటికీ కాస్త గుంట మిగిలితే, అదే మందం ఉన్న పనికిరాని ముక్కలను పలకకు ముందొకటి, వెనకొకటి ఆనించి వరసగా పంపండి. గుంట వాటికే పడుతుంది.

ఇక ఉబ్బెత్తు గీత. అది బ్లేడులో పడ్డ గంటు. పాత తలుపు చెక్కో, దూలమో పెట్టారా? 2014లో హుద్‌హుద్ తుఫానుకు కూలిన మా పెరటి వేపచెట్టు పలకలను నేను చాలా ఏళ్లు దాచుకుని, ఒకరోజు ఆశగా ప్లానర్‌లో పెట్టాను. ‘టంగ్’మని ఒక్క చప్పుడు. బట్టలారేసే తీగ కోసం ఎవరో ఎప్పుడో కొట్టిన మేకును చెట్టు మింగేసింది. పైన ఆనవాలే లేదు. మూడు బ్లేడ్లకూ ఒకేచోట గంటు పడింది. అప్పటినుంచి ఏ పాత చెక్కకైనా ముందు గట్టి అయస్కాంతం తిప్పి చూడందే మిషన్ ఆన్ చేయను.

బ్లేడుకు రెండువైపులా పదును ఉంటే మూడింటినీ కలిపి తిరగేయండి. బోల్టు రంధ్రాలు కోలగా ఉన్న రకమైతే, ఒక బ్లేడును ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిపితే చాలు. దాని గంటు వదిలేసినచోటును మిగతా రెండూ, వాటి గంటు వదిలేసినచోటును అదీ కోస్తాయి. గీత మాయం!

ఈ పనికి ముందు స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్గు పీకి కళ్లెదుట పెట్టుకోండి. ఈ ఒక్క మాట మాత్రం నా మాటగా వినండి. బ్లేడు తీశాక అది కూర్చునే గాడిని పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. అక్కడ చిన్న పొట్టు రేణువు ఇరుక్కున్నా బ్లేడు ఆ మేరకు ఎత్తుగా కూర్చుంటుంది. బోల్టులను మధ్య నుంచి చివరలకు, ముందు లేతగా, రెండోసారి గట్టిగా బిగించండి. కట్టర్‌ను కర్రముక్కతో నెట్టి ఒక చుట్టు తిప్పి, ఎక్కడా తగలట్లేదని చూశాకే ప్లగ్గు పెట్టండి.

ప్రశ్న: పలకను లోపలికి లాగడం లేదు, వెనక నుంచి నెట్టాల్సి వస్తోంది. (మధురవాడ)

జవాబు: రబ్బరు రోలర్లకు జిగురు, పొట్టు పట్టి జారుతున్నాయి. ప్లగ్గు తీసి, సబ్బునీళ్లలో పిండిన గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. పెట్రోలు, థిన్నర్ వద్దు, రబ్బరు పాడవుతుంది. మన విశాఖ ఉప్పుగాలికి బల్ల కూడా తుప్పు పట్టి గరుకెక్కుతుంది. తుప్పును సన్నటి గరుకు కాగితంతో తీసి, కొవ్వొత్తి రుద్ది, పొడిగుడ్డతో మెరిసేదాకా తుడవండి. నూనె రాస్తే చెక్కకు మరకలవుతాయి. సిలికాన్ ఉన్న పాలిష్ అసలే వద్దు, తర్వాత వార్నిష్ అంటదు.

ప్రశ్న: అమెరికా నుంచి అన్నయ్య ప్లానర్ తెస్తానంటున్నాడు. ఇక్కడ పనిచేస్తుందా? (పెందుర్తి)

జవాబు: అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. 15 ఆంపియర్ల మిషన్ అంటే 1800 వాట్లు. దానికి వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, కనీసం 3 కేవీఏ సామర్థ్యంది కావాలి. పైగా చాలా ప్లానర్లు 30 కిలోలకు పైనే ఉంటాయి, విమానంలో మామూలుగా ఒక్క పెట్టెకు 23 కిలోలే. మిషన్ ఇక్కడే కొనుక్కోండి. అన్నయ్య అంత ప్రేమగా అడుగుతున్నారు కాబట్టి మందం కచ్చితంగా కొలిచే మంచి డిజిటల్ కాలిపర్ తెమ్మనండి. మీ కొత్త ప్లానర్ స్కేలు 20 మిల్లీమీటర్లు అని చూపిస్తే, బయటికొచ్చిన పలక నిజంగా 20 ఉందో లేదో మొదటిరోజే దాంతో కొలిచి, ముల్లు సరిచేసుకోవచ్చు.