ఇంజన్ లైటు ఆరిపోయింది, లోపం అక్కడే ఉంది

ప్రశ్న: ఎనిమిదేళ్లు వాడిన ఒక ఫ్యామిలీ సెడాన్‌ను మూడు నెలల క్రితం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంజన్ లైటు వెలుగుతుంటే, కారు లోపాల కోడ్లు చదివే బ్లూటూత్ స్కానర్‌ను ఆన్‌లైన్‌లో చవకగా తెప్పించి ఫోన్‌లో చూశాను. పి0420 అనే కోడ్ వచ్చింది. చెరిపేస్తే లైటు ఆరుతుంది, నాలుగు రోజులకు మళ్లీ వెలుగుతుంది. పొగలోని విషవాయువులను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చాలని మెకానిక్ అంటున్నారు. ఆయన చెప్పిన ఖర్చు వింటే గుండె ఆగినంత పనయింది. మార్చక తప్పదా? మాటిమాటికీ చూసుకోవాల్సి వస్తోందని స్కానర్‌ను కారులోనే తగిలించి ఉంచాను.

జవాబు: కోడ్ నంబరు ఒక్కటే మారుతూ ఇదే ప్రశ్న ప్రతి వారం వస్తోంది కాబట్టి, ఈసారి కొంచెం విడమరచి చెబుతాను. కోడ్ అంటే ఏ భాగం మార్చాలో చెప్పే చీటీ కాదు. ఇంజన్ కంప్యూటర్ చూస్తున్న ఏదో ఒక కొలత ఉండాల్సిన హద్దులో లేదని మాత్రమే దాని అర్థం. మీ కారులోని కంప్యూటర్ కన్వర్టర్‌ను నేరుగా పరీక్షించలేదు. దానికి ముందొకటి, వెనుకొకటి ఉండి పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్లను పోల్చి చూసి ఒక అంచనాకు వచ్చింది. పాత పెట్రోలు కార్లలో చాలావాటికి ముందు సెన్సర్ వోల్టేజి 0.1కీ 0.9కీ మధ్య గబగబా ఊగుతుంటుంది. కన్వర్టర్ సరిగ్గా పనిచేస్తుంటే వెనుక సెన్సర్ ఇంచుమించు నిలకడగా ఉంటుంది. అదీ ముందుదానితో పాటు ఊగడం మొదలుపెడితే పి0420 పడుతుంది. పొగగొట్టం జాయింట్‌లో చిన్న లీకున్నా, వెనుక సెన్సర్ వయసైపోయి తప్పు చెబుతున్నా, ఒక సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండక మిస్‌ఫైర్ అవుతున్నా ఇదే కోడ్ రావచ్చు.

అందువల్ల ఖర్చు తక్కువైన అనుమానాలను ముందు తేల్చుకోండి. చల్లారిన ఇంజన్‌ను స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో కింది నుంచి టక్‌టక్‌మని చప్పుడు వస్తోందేమో, జాయింట్ చుట్టూ నల్లని మసి పట్టిందేమో చూడమనండి. పి0300 నుంచి మొదలయ్యే మిస్‌ఫైర్ కోడ్లు కూడా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఉంటే స్పార్క్ ప్లగ్‌లు విప్పించి మీ కళ్లతో చూడండి. లేత గోధుమ రంగులో ఉన్న ప్లగ్ బాగున్నట్టే, మసి కొట్టుకుపోయి గానీ నూనెతో తడిసి గానీ ఉన్నది బాగాలేనట్టు. ప్లగ్‌లు, ఇగ్నిషన్ కాయిల్, సెన్సర్ అన్నీ కలిపి మార్చినా సాధారణంగా కన్వర్టర్ ఖర్చులో కొంత భాగమే అవుతుంది, ఎందుకంటే కన్వర్టర్ లోపల పూతగా ఉండేవి ప్లాటినం, పల్లాడియం, రోడియం. అసలు జబ్బు మిస్‌ఫైర్ అయితే, సిలిండర్‌లో మండకుండా మిగిలిన పెట్రోలు కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండి దాన్ని కరిగించేస్తుంది. దాన్ని సరిచేయకుండా కొత్త కన్వర్టర్ బిగిస్తే అదీ పాతదాని దారే పడుతుంది. ఇవన్నీ చూశాక కూడా కోడ్ తిరిగివస్తే అప్పుడు మీ మెకానిక్ మాటే నిజమనుకోవచ్చు. అన్నట్టు, లైటు నిలకడగా వెలుగుతుంటే రెండు మూడు రోజుల్లో చూపించుకోవచ్చు గానీ, మినుకుమినుకుమంటుంటే కన్వర్టర్‌ను పాడుచేసేంత మిస్‌ఫైర్ ఆ క్షణంలోనే జరుగుతోందని అర్థం. వేగం తగ్గించి వీలైనంత త్వరగా బండి ఆపాలి.

పెట్రోలు ట్యాంకు మూత వదులైనా, కన్వర్టర్ కరిగిపోతున్నా ఒకే పసుపు బొమ్మ చూపించే డిజైన్‌పై నాకు ఏనాటి నుంచో కోపముంది. పాటల ఆల్బమ్ బొమ్మలు చూపించడానికి అంత పెద్ద తెర పెట్టినవారు, అదే తెర మీద లోపమేమిటో ఒక్క వాక్యంలో రాయలేరా? రాయగలరు, ఆ సమాచారం కారులోనే ఉంది. దాన్ని చదవడానికి యజమాని వేరే పరికరం కొనుక్కోవాల్సి వస్తోంది కాబట్టే మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన ఆ చివరి వాక్యం పుట్టింది.

ఆ స్కానర్‌ను ఈరోజే తీసేయండి. స్టీరింగ్ కింద మీరు స్కానర్ తగిలించిన 16 పిన్నుల ఓబీడీ పోర్టు, చాలా కార్లలో ఇంజనూ బ్రేకులూ మాట్లాడుకునే క్యాన్ నెట్‌వర్క్‌కు చేరుతుంది. 1980లలో రూపుదిద్దుకున్న ఆ నెట్‌వర్క్‌లో సందేశం ఎవరు పంపారో నిర్ధారించుకునే ఏర్పాటే లేదు. లోపలికి వచ్చినవారందరూ మనవాళ్లేనన్న నమ్మకం మీద అది నడుస్తుంది. కొత్త కార్లలో కొన్ని మధ్యలో గేట్‌వే అనే కాపలా పరికరం పెట్టి కాపాడుతున్నా, ఎనిమిదేళ్ల కారులో అది ఉంటుందని భరోసా లేదు. చవక స్కానర్లలో చాలావాటి బ్లూటూత్ పిన్ నంబరు (జత కలిపేటప్పుడు కొట్టే రహస్య అంకె) 1234 లేదా 0000, కొన్నిటికి అదీ అక్కర్లేదు. పక్కన పార్క్ చేసిన కారులో కూర్చున్నవారు జత కలపడానికి ఇంతకంటే ఏం కావాలి? ఇదే పోర్టుకు తగిలించే, సిమ్ కార్డు ఉన్న చిన్న పరికరాలైన డోంగిళ్లతో ప్రమాదం ఇంకా పెద్దది. అలాంటి ఒక డోంగిల్‌కు ఎస్సెమ్మెస్‌లు పంపి, నెమ్మదిగా వెళుతున్న కారు బ్రేకులను దూరం నుంచే పనిచేయించవచ్చని 2015లోనే పరిశోధకులు చేసి చూపించారు. యాప్ సంగతీ చూడండి. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్లూటూత్ పరికరాలను వెతకడానికి లొకేషన్ అనుమతి అవసరమయ్యేది కాబట్టి అది అడిగితే అర్థముంది, కాంటాక్టుల అనుమతి అడిగితే మాత్రం ఆ యాప్‌ను తీసిపారేయండి. పైగా ఆ పోర్టులోని 16వ పిన్నుకు తాళంచెవి తీసేసినా బ్యాటరీ కరెంటు అందుతూనే ఉంటుంది. కారు వారాల తరబడి కదలకపోతే స్కానర్ బ్యాటరీని తాగేస్తుంది.

ప్రశ్న: నేనింకా కారు కొనలేదు. కోడ్లు చెరిపేసి చూపిస్తే కనిపెట్టేదెలా?

జవాబు: కోడ్లు చెరిపినప్పుడు కారు తనంతట తాను చేసుకునే పరీక్షల ఫలితాలు కూడా పోతాయి. స్కానర్‌లో రెడీనెస్ అన్న పేజీ తెరిచి, చాలా పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని ఉంటే, ఈ మధ్యనే ఎవరో చెరిపారని గానీ బ్యాటరీ తీసి పెట్టారని గానీ అనుకోవాలి. కోడ్లు చెరిపాక నడిచిన దూరాన్ని కూడా చాలా కార్లు చెబుతాయి. ఆ అంకె ఇరవై ముప్పై కిలోమీటర్లే ఉంటే అమ్మేవారిని కారణం అడగండి. వచ్చే సమాధానం కంటే అది చెప్పడానికి వారు తీసుకునే సమయాన్ని గమనించండి. కాస్త కొత్త కార్లలో పర్మనెంట్ కోడ్లు అని వేరే జాబితా ఉంటుంది, దాన్ని స్కానర్‌తో చెరపలేరు. ఇవి చూడనివ్వనివారి దగ్గర కారు కొనకండి.

ప్రశ్న: కారు తెరలో పాత యజమాని ఫోన్‌బుక్ ఇంకా కనిపిస్తోంది. చెరిపేస్తే చాలా?

జవాబు: చాలదు. తెరను ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, కానీ కారుకు రిమోట్ యాప్ ఉంటే పాత యజమాని ఖాతా కంపెనీ సర్వర్‌లో ఉంటుంది కాబట్టి రీసెట్‌తో అది పోకపోవచ్చు. ఆ ఖాతా ఉన్నంతకాలం మీ కారు ఎక్కడుందో చూడటం, కొన్ని మోడళ్లలో తలుపులు తెరవడం కూడా వారికి సాధ్యమే. కారును తమ ఖాతా నుంచి తీసేయమని వారిని అడగండి, అందుబాటులో లేకపోతే యాజమాన్య పత్రాలు చూపించి కంపెనీ చేత తీయించండి. మీ కారు మీరు అమ్మేటప్పుడు ఇదే పని మీరు చేయాలి.