సుదీర్ఘ పరుగు పందెంలో మనిషి గుర్రాన్ని ఓడించగలడా?

ఓడించగలడు, ఓడించాడు కూడా. వేల్స్‌లోని చిన్న ఊరు లాన్‌ఉర్‌టిడ్ వెల్స్‌లో 1980 నుంచి మనుషులకూ, రౌతులతో కూడిన గుర్రాలకూ మధ్య ఏటా పందెం జరుగుతోంది. దూరం సుమారు 35 కిలోమీటర్లు. అక్కడి పబ్బు యజమాని గార్డన్ గ్రీన్ ఇద్దరు కస్టమర్ల వాదన విని దీన్ని మొదలుపెట్టాడు. కొండదారుల్లో చాలా దూరం పరుగెత్తితే మనిషి గుర్రానికి దీటుగా నిలుస్తాడన్నది వాళ్లలో ఒకరి మాట.

ఆ మాట నిజమని తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. మనిషి గెలిచేదాకా బహుమతి సొమ్ము ఏటా వెయ్యి పౌండ్ల చొప్పున పెరుగుతూ వచ్చింది. చివరకు 2004లో హ్యూ లాబ్ 2 గంటల 5 నిమిషాల 19 సెకన్లలో పూర్తిచేసి 25,000 పౌండ్లు గెలుచుకున్నాడు. పరుగుతో గుర్రాన్ని ఓడించిన తొలి విజేత ఆయనే. ఆ తర్వాత 2007, 2022, 2023 సంవత్సరాల్లోనూ మనుషులు గెలిచారు.

చదునైన నేల మీద తక్కువ దూరమైతే గుర్రంతో మనకు పోటీయే లేదు. ఇక్కడ దారి వేరు: బురద, వాగులు, రాళ్లు, నిటారు పల్లాలు. అలాంటి చోట రౌతు గుర్రాన్ని నెమ్మదిగా నడిపించక తప్పదు. ఎండ ముదిరితే మనకు మరింత కలిసివస్తుంది. గుర్రానికీ బాగా చెమట పడుతుంది కానీ, అంత భారీ దేహంలో పుట్టిన వేడి బయటికి పోవడం కష్టం. ఒంటి మీద బొచ్చు లేని మనిషి త్వరగా చల్లబడతాడు. నా దృష్టిలో ఓర్పు విషయంలో మన శరీరానికున్న సత్తాను ఇంత సూటిగా చూపించే పోటీ మరొకటి లేదు.