తండ్రి నుంచి పిల్లలకు వచ్చే కాళ్ల నరాల జబ్బు: మేనరికం లేకపోయినా ఎందుకు వస్తుంది?

మీ నాన్నగారికీ అన్నయ్యకూ పిక్కలు సన్నబడి పాదాలు పైకి లేవడం లేదనీ, మేనరికం లేని ఇంట్లో ఇది ఎలా వచ్చిందనీ, రేపు మీ పిల్లలకు వస్తుందా అనీ అడిగారు. మా అమ్మకూ నాకూ ఉన్న షార్కో-మారీ-టూత్ వ్యాధికి ఈ లక్షణాలు చాలా దగ్గరగా ఉన్నాయి కనుక రాస్తున్నాను. నిర్ధారణ మాత్రం న్యూరాలజిస్టే చేయాలి.

మా వైపు కాళ్లకు ఏ లోపం కనిపించినా మేనరికం మీదకు తోసేస్తారు గానీ, ఈ వ్యాధిలో ఎక్కువగా కనిపించే 1ఎ రకానికి దానితో పని లేదు. 17వ క్రోమోజోము మీద ఉండే పీఎంపీ22 జన్యువు ఒక ప్రతి అదనంగా ఉండటం వల్ల నరాల మీది మైలిన్ పొర దెబ్బతిని సంకేతాలు నెమ్మదిస్తాయి. పొడవైన నరాలు ముందుగా దెబ్బతింటాయి కాబట్టి జబ్బు పాదాల్లో మొదలై, ఆ తరువాతే చేతి వేళ్లకు వస్తుంది. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా చాలు, పుట్టే ప్రతి బిడ్డకూ, ఆడైనా మగైనా, వచ్చే అవకాశం 50 శాతం. ఎక్స్ క్రోమోజోముతో సంక్రమించే రకం తండ్రి నుంచి కొడుక్కు రాదు కనుక, మీ ఇంట్లో అది ఉండే అవకాశం లేనట్టే.

గుంటూరులో బడికి వెళ్లే రోజుల్లో నా హవాయి చెప్పు కాలి నుంచి ఊడి వెనకే ఉండిపోయేది, ఎవరైనా పిలిచి చెబితే తప్ప నాకు తెలిసేది కాదు. అప్పుడు చూసిన ఒక డాక్టరు పోలియో అనేశారు. రెండు కాళ్లూ ఒకే తీరుగా, ఏళ్ల తరబడి మెల్లగా సన్నబడటం పోలియో లక్షణం కాదని, చాలాకాలం తరువాత విజయవాడలో నర్వ్ కండక్షన్ పరీక్ష (నరాల్లో సంకేతాల వేగాన్ని కొలిచేది) చేయించిన న్యూరాలజిస్టు వివరించారు.

మీరు ముందుగా నాన్నగారికి ఆ పరీక్ష, తరువాత జన్యు పరీక్ష చేయించండి. పీఎంపీ22 అదనపు ప్రతిని పట్టుకోవడానికి ఎంఎల్‌పీఏ అనే పరీక్ష ఉంది. ఒకేసారి చాలా జన్యువులను చదివే ఖరీదైన ఎక్సోమ్ పరీక్షలో అది తప్పిపోవచ్చు కనుక, డబ్బు కట్టే ముందే ఈ మాట అడగండి. ఆయనకు 1ఎ అని తేలి, మీకు అది రాలేదని పరీక్షలో రుజువైతే, మీ నుంచి పిల్లలకు వెళ్లదు. పైకి ఏమీ కనిపించకపోయినా కొందరిలో జబ్బు స్వల్పంగా ఉంటుంది కాబట్టి, కాళ్లు చూసి మీకు మీరే నిర్ణయించుకోవద్దు.

జబ్బును నయం చేసే మందు లేదు గానీ, చీలమండను నిలబెట్టే స్ప్లింటు, ఫిజియోథెరపీ వల్ల నడక చాలావరకు కుదుటపడుతుంది. పాదాల్లో స్పర్శ తగ్గుతుంది కనుక వేసవిలో ఇంద్రకీలాద్రి మీద ఉత్త కాళ్లతో నడిచేటప్పుడు జాగ్రత్త అవసరం. మా అమ్మ అరికాలి బొబ్బను ఇంటికొచ్చాక మేము చూసి చెప్పేదాకా ఆవిడ గమనించలేదు. క్యాన్సర్ చికిత్సలో వాడే విన్‌క్రిస్టిన్ ఈ నరాలను తీవ్రంగా దెబ్బతీయగలదు కాబట్టి, ఏ చికిత్సకు వెళ్లినా ఈ జబ్బు పేరు డాక్టరుకు ముందే చెప్పమని మీ నాన్నగారికీ అన్నయ్యకూ చెప్పండి.