కొంగ ఎగిరింది, ఫోకస్ చెట్టు మీదే ఉంది

ప్రశ్న: ఉప్పలపాడులో ఎర్రకాళ్ల కొంగలు వాలి ఉన్నప్పుడు ఫొటోలు చక్కగా వస్తున్నాయి. ఎగరగానే ఫోకస్ వెనక కొమ్మల మీదికి పోతోంది. పక్షి కన్ను పట్టుకునే ఏఐ ఉందని చెప్పి అమ్మారు. ఈమధ్య అప్‌డేట్ వేశాక ఇంకా పాడైంది. కెమెరా మార్చేయమంటారా?
- గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: మార్చొద్దు. చలికాలం వచ్చిందంటే ఊరు మారుతుంది, పిట్ట మారుతుంది, నాకొచ్చే ఉత్తరం మాత్రం ఇదే.

ముందు మెనూ తెరిచి చూడండి. కొన్ని కెమెరాల్లో ఫర్మ్‌వేర్ (కెమెరాను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ వేశాక సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. 'పక్షి' అని మీరు పెట్టింది 'మనిషి' అయిపోతుంది, కదిలేదాన్ని వెంటాడే కంటిన్యువస్ ఫోకస్ ఒక్కసారి పట్టి ఆగిపోయే సింగిల్ అవుతుంది. కంపెనీవాళ్లు ఒక్క ముక్క చెప్పరు! లక్షలు పోసి కొన్న వస్తువులో మనం పెట్టుకున్నవి చెరిపేసే హక్కు వీళ్లకెవరిచ్చారు? అప్‌డేట్‌కి ముందు సెట్టింగులను కార్డులోకి సేవ్ చేసుకునే వీలు చాలా మోడళ్లలో ఉంది. వాడేవాళ్లు తక్కువ.

ఇక కొమ్మల సంగతి. ఏఐ పక్షిని పట్టుకోవాలంటే ముందు దానికి పక్షి కనబడాలి. ఫ్రేములో కొంగ చిన్నదిగా ఉండి, వెనక కొమ్మలు చిక్కగా ఉంటే ఫోకస్ వాటికే అతుక్కుంటుంది. ఆకాశం నేపథ్యమైతే ఫ్రేమంతా ఏఐకి వదిలేయొచ్చు. చెట్లు అడ్డున్నచోట ఫ్రేములో కొంత భాగంలోనే వెతికేలా చిన్న ఫోకస్ జోన్ పెట్టుకోండి. కొంగ లేవకముందే దాని మీద ఫోకస్ పట్టి, బటన్ వదలకుండా వెంటాడండి. అడ్డు రాగానే కొత్తదానికి దూకకుండా ట్రాకింగ్ సెన్సిటివిటీ తగ్గించండి. షటర్ సెకనులో 2000వ వంతుకు తగ్గనివ్వొద్దు, కదలికతో చెదిరిన బొమ్మను ఫోకస్ తప్పని తిట్టేవాళ్లే ఎక్కువ. బొమ్మను రెట్టింపు దగ్గర చేసే 2ఎక్స్ టెలికన్వర్టర్‌ను ఎఫ్6.3 లెన్సుకు తగిలిస్తే అది దాదాపు ఎఫ్13 అవుతుంది, అంటే లోపలికొచ్చే వెలుతురు బాగా తగ్గిపోతుంది. ఆ వెలుతురుతో ఆటోఫోకస్ తడబడదా మరి? పులికాట్‌లో మిట్టమధ్యాహ్నం నీళ్ల మీద సెగ ఊగుతుంటే, ఫ్లెమింగోల్ని దూరం నుంచి ఏ కెమెరా తీసినా మెత్తగానే వస్తుంది.

ఆ అప్‌డేట్ ఎక్కడి నుంచి దించారో మీరు రాయలేదు. నా దిగులంతా అక్కడే. 'ఫోకస్ అదిరిపోతుంది' అంటూ గ్రూపుల్లో తిరిగే లింకుల నుంచి ఫర్మ్‌వేర్ వేసేవాళ్లున్నారు. 2019లో చెక్ పాయింట్ అనే సైబర్ భద్రత సంస్థ పరిశోధకులు వైఫై మీదుగా ఒక డీఎస్ఎల్ఆర్ కెమెరాలోకి ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ప్రోగ్రాం) ఎక్కించి, కార్డులోని ఫొటోలకు తాళం వేసి చూపించారు. తయారీదారు సైటు తప్ప ఇంకెక్కడి ఫైలూ ముట్టుకోకండి. ఊరికే వైఫై ఆన్ చేసి ఉంచకండి.

అంతకంటే నన్ను కలవరపెట్టేది కెమెరాతో జతపడే ఫోన్ యాప్. ఫొటోలు పంపడానికే పెట్టుకున్న యాప్‌కి లొకేషన్ ఎప్పుడూ కావాలట! అనుమతి ఇచ్చామా, అక్షాంశ రేఖాంశాలు ఫొటోల్లో కూర్చునే వీలుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అవి రాలిపోతాయి. క్వాలిటీ పోతుందని డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్తాయి. మీ బాల్కనీలో వాలిన పిచ్చుక బొమ్మ అలా పంపారనుకోండి: మీ ఇల్లు ఎక్కడో, అందులో ఎంత ఖరీదైన లెన్సు ఉందో రెండూ కలిపి చెప్పేశారు. పిట్టల మాటా అంతే. 1986లో కడప జిల్లాలో మళ్లీ కనబడ్డ కలివికోడిలాంటి అరుదైన పక్షి రేపెవరికైనా చిక్కితే, గూడు దగ్గరికి దారి ఆ ఫొటోనే చూపిస్తుంది. వేటగాడికి వేరే ఆచూకీ ఎందుకు? ఇలాంటి యాప్‌లలో లొకేషన్ మొదట ఆఫ్‌లో ఉండాలి, కావలసినవాడు ఆన్ చేసుకుంటాడు. ఇంత చిన్న మర్యాద పాటించనివాళ్లు ఏటా కొత్త ఏఐ అంటూ ప్రకటనలకు మాత్రం కొదవ చేయరు.

ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా ఫోకస్ కొమ్మల మీదికే పోతుంటే అప్పుడు సర్వీస్ సెంటర్‌కి ఇవ్వండి. ఇచ్చేముందు కార్డు తీసేయండి, మెనూలో దాచి ఉన్న మీ ఇంటి వైఫై పాస్‌వర్డ్ కూడా తుడిచేయండి.