రీమిక్స్ నచ్చనప్పుడు

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

అక్కకు ప్రాణమైన రీమిక్స్ నీకు తలనొప్పి తెప్పించిందనీ, ఆ మాట మీద ఇద్దరికీ పంతాలు పెరిగాయనీ రాశావు. "పాటను ఖూనీ చేశారు" అన్నావు నువ్వు. "నీకు వినడం చేతకాదు" అంది అక్క. ఈ రెండు మాటల్లోనూ పాట ఊసే లేదు, చూశావా? ఇలాంటి ప్రయోగాత్మక ఎలక్ట్రానిక్ సంగీతం గురించి మాట్లాడుకునేటప్పుడు ముందు చెవికి ఏం తగిలిందో చెప్పాలి. తీర్పులు తర్వాత.

అసలు పాటనూ రీమిక్స్‌నూ ఒకే హెడ్‌ఫోన్లలో, ఒకే వాల్యూమ్‌లో విను. దీన్ని తేలిగ్గా తీసుకోకు. రెండింటిలో కాస్త బిగ్గరగా మోగేదే మెరుగైనదని చెవి పొరబడుతుంది.

తర్వాత, రీమిక్స్ చేసినవారు దేన్ని ఉంచుకున్నారో, దేన్ని తీసేశారో గమనించు. నువ్వు గొంతు కోసం వింటావు, చిన్నప్పటి నుంచీ అంతే. అక్క చెవి బేస్ మీద, అంటే అడుగున మోగే మంద్ర స్వరాల మీద ఉంటుంది. 1970ల మొదట్లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో సౌండ్ ఇంజనీర్ కింగ్ టబ్బీ మిక్సింగ్ బోర్డు దగ్గర గాయకుడి గొంతును తగ్గించేసి, డ్రమ్స్‌నూ బేస్‌నూ ముందుకు తెచ్చేవాడు. ఉన్నట్టుండి పాటలోని ఒక ముక్క పైకి తేలి, ఎకోలో పడి, మళ్ళీ మళ్ళీ మోగుతూ సన్నగిల్లిపోయేది. ఈ పద్ధతినే డబ్ అంటారు. గొంతు కోసం వచ్చినవారికి అది వెలితి, బేస్ కోసం వచ్చినవారికి పండగ. బ్రిటిష్ బృందం మాసివ్ అటాక్ 1994లో తెచ్చిన 'ప్రొటెక్షన్' ఆల్బమ్‌ను మరుసటి ఏడాది మ్యాడ్ ప్రొఫెసర్ అనే సంగీత నిర్మాత అదే డబ్ పద్ధతిలో 'నో ప్రొటెక్షన్'గా మార్చాడు. రెండూ ఒకదాని వెంట ఒకటి విను. నాకైతే రెండోదే ఇష్టం, అందులో ఖాళీ ఎక్కువ ఉన్నందుకే. నీకు మొదటిదే నచ్చుతుందని నా అంచనా. నచ్చనీ.

కొన్నింటికి ఓపిక పట్టాలి. అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైష్ 1965లో ఒకే మాట ఉన్న రెండు టేపు లూపులను, అంటే అదే ముక్క తిరిగి తిరిగి మోగే టేపులను కలిపి మోగించాడు. వాటి వేగాల్లో వెంట్రుకవాసి తేడా. మొదట మాట స్పష్టంగా వినిపిస్తుంది, తర్వాత దాని అంచులు చెదురుతాయి, నిమిషాలు గడిచేకొద్దీ మాట పోయి లయ మిగులుతుంది. మొదట్లోనే ఆపేసినవారికి ఇది దక్కదు. అలాగని ఎంతసేపు విన్నా ఏ మార్పూ లేని గీకుడు శబ్దాన్ని గొప్పదని మొక్కనక్కర్లేదు. అలాంటివీ ఉన్నాయి, నేనూ ఆపేస్తాను.

చెవులన్నీ ఒకటి కావు. వయసు పెరిగేకొద్దీ హెచ్చు పౌనఃపున్యాలు వినబడడం తగ్గుతుంది. నిన్ను సూదిలా గుచ్చే హై హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాల) చప్పుడు నా దాకా మెత్తబడి వస్తుంది. అందుకని నేను బాగుందన్నా నువ్వు తలూపకు.

ఈసారి అక్కను "ఇందులో ఏముంది?" అని అడగకు. "ఎక్కడి నుంచి నీకు నచ్చడం మొదలైంది?" అని అడుగు. తను ఆ చోటు చూపిస్తుంది. అక్కడ బేస్ ఎలా కదిలిందో, ఏ శబ్దం తప్పుకుందో ఇద్దరూ కలిసి మళ్ళీ వినండి. అప్పటికీ రుచించకపోతే నచ్చలేదనే చెప్పు. ఎక్కడ విసుగు పుట్టిందో కూడా చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ