600 గజాల నుంచి జింకను కొట్టడం తప్పా?

అమెరికాలో మ్యూల్ జింకల వేటకెళ్లే స్నేహితులు 600 గజాల నుంచి కొట్టామని గొప్పగా చెబుతున్నారు, తుపాకీకి ఆ సత్తా ఉన్నప్పుడు తప్పేముంది అని అడిగారు.

తుపాకీకి సత్తా ఉందండీ, కాదనను. చిక్కంతా గాలితోనూ, జింక కాళ్లతోనూ.

6.5 క్రీడ్‌మోర్ అనే రకం రైఫిల్‌లో 143 గ్రెయిన్ల (సుమారు 9 గ్రాముల) తూటా సెకనుకు సుమారు 2700 అడుగుల వేగంతో గొట్టం దాటుతుంది. అయినా 600 గజాలు చేరేసరికి ముప్పావు సెకను దాటిపోతుంది. ఆ లోపు గంటకు 3 మైళ్ల నడకతో కదిలిన జింక మూడడుగులకు పైగా ముందుకెళ్తుంది. ఊపిరితిత్తుల మీద పెట్టిన గురి పేగుల్లోనో వెనక తొడలోనో దిగుతుంది. మీరు ట్రిగ్గర్ నొక్కినప్పుడు అది కదలకుండానే నిలబడి ఉంది, గురి తప్పు కాదు. అయినా అంతే.

ఇక గాలి. గంటకు 10 మైళ్ల అడ్డగాలి ఈ తూటాను 300 గజాల్లో 5 అంగుళాలు పక్కకు నెడితే, 600 గజాల్లో 20 అంగుళాలకు పైనే నెడుతుంది. దూరం రెండింతలైతే జరుగుడు నాలుగింతలకు పైనే. మీ దగ్గర గాలి 10 మైళ్లు ఉండి, మధ్యలో లోయ మీద 6 మైళ్లే ఉందనుకోండి, 8 అంగుళాలకు పైనే తేడా. మ్యూల్ జింక గుండె, ఊపిరితిత్తులు కలిపితే అడ్డంగా సుమారు 10 అంగుళాలు, అంటే మధ్య నుంచి ఎటైనా అయిదే. చేతిలో గాలి మీటరు మీరున్న చోటి గాలినే చెబుతుంది, లోయ మీది సంగతి దానికేం తెలుసు! దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ కిరణం జింక మీద కాకుండా వెనకాల పొద మీద పడి 25 గజాలు ఎక్కువ చూపిస్తే, తూటా సుమారు 6 అంగుళాలు పైకి పోతుంది.

ఇవన్నీ లెక్కలు. నన్ను మండించేది పేలిన తర్వాతి తంతు.

సాయంత్రం, చీకటి పడటానికి అరగంట ఉంది. పేల్చారు. కుదుపుకి స్కోపు (తుపాకీ మీది దుర్భిణి) ఎగిరింది, జింక ఎలా ఉలిక్కిపడిందో చూడలేదు. అది పరుగెత్తి గట్టు దాటింది. 'తగల్లేదు' అని తుపాకీ సర్దేస్తారు. అసలు పాపం అక్కడుంది. ఆ దూరంలో సేజ్ పొదలన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. అందుకే కదలక ముందే ఆ చోటు ఫొటో తీసుకోవాలి, దూరమూ, దిక్సూచి అంకె కూడా రాసుకోవాలి, ఒకరు అక్కడే ఉండి స్కోపులోంచి చూస్తూ చేతి సైగలతో రెండోవాళ్లను నడిపించాలి. లోయ దిగి ఎక్కడానికి ముప్పావు గంట పడుతుంది. రక్తం గులాబీ రంగులో నురగతో ఉంటే ఊపిరితిత్తులు, అరగంట ఆగి వెతకొచ్చు. నల్లగా చిక్కగా ఉంటే కాలేయం, మూడు నాలుగు గంటలు. ఆకుపచ్చ గుజ్జు, కంపు ఉంటే పొట్ట. కనీసం ఎనిమిది గంటలు కదిలించకూడదు, తరిమితే మైళ్లు పోతుంది. అంటే రాత్రంతా అది అలాగే పడి ఉంటుంది, ఈలోపు నక్కల్లాంటి కొయోట్లకు వాసన తగిలితే తెల్లారేసరికి మాంసం మిగలదు.

యూట్యూబ్‌లో 1000 గజాల వీడియోలు చూసి మురిసిపోయేవాళ్లకు ఇవేవీ కనిపించవు. గురి తప్పిన తూటాలు ఎడిటింగులోనే పోతాయి. థియోడర్ రూజ్‌వెల్ట్ 1887లో పెట్టిన వేటగాళ్ల సంఘం బూన్ అండ్ క్రాకెట్ క్లబ్, జంతువు మనల్ని పసిగట్టి తప్పించుకునే వీలుండాలనే పద్ధతిని ఇప్పటికీ పట్టుకుని ఉంది. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో స్కోపు, బెల్టు అన్నీ కలిపి 16 పౌండ్లు దాటిన తుపాకీతో పెద్ద జంతువుల వేట నిషిద్ధం. కొండ మీద ఫిరంగి మోసుకొచ్చే సరదా దానితో తగ్గుతుంది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల ఈ చర్చే లేదు, అది వేరే సంగతి.

మరి ఎంత దూరం? బల్ల మీద ఇసుక సంచులు పెట్టి అయిదు గుళ్లు పేల్చి కొలిచే దూరం కాదు. 8 అంగుళాల కాగితం ప్లేటు పెట్టండి. కొండెక్కి, ఆయాసం తీరకుండా, బ్యాగు మీద తుపాకీ ఆనించి, అప్పటిదాకా పేల్చని చల్లటి గొట్టంతో ఒక్కటే గుండు. అలా పది వేర్వేరు రోజులు, గాలి ఉన్న రోజులతో సహా. పదికి పదీ పడిన దూరమే మీది. చాలామందికి అది 300 లోపే తేలుతుంది. మీ స్నేహితులను ముందు ఆ ప్లేట్లు చూపించమనండి.