84 మంది పిల్లల ఆన్‌లైన్ బడి: అంకెలు ఏం చెబుతాయి?

ప్రశ్న: మేము ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఉంటున్నాం. మా పాప వచ్చే ఏడాది మూడో తరగతికి వస్తుంది. తనను ఒక చిన్న వర్చువల్ చార్టర్ స్కూల్లో చేర్చాలనుకుంటున్నాం. కిండర్‌గార్టెన్ నుంచి ఐదో తరగతి దాకా అక్కడ మొత్తం 84 మందే ఉన్నారు. మూడో తరగతిలో 19 మంది, ఐదులో 11 మంది ఉండగా, ఏషియన్ పిల్లలు 5 శాతం. ఇంత చిన్న బడిని నమ్మవచ్చా?
– ఒక తల్లి

జవాబు: మీ రాష్ట్రంలో కమ్యూనిటీ స్కూల్ అని పిలిచే చార్టర్ స్కూలు ప్రభుత్వ నిధులతో నడిచే బడి కాబట్టి ఫీజు ఉండదు, సీట్లకు మించి దరఖాస్తులు వస్తే లాటరీ తీస్తారు. 84 మంది మాత్రమే ఉండటం దానికదే లోపం కాదు, పెద్ద బడి అయినంత మాత్రాన భరోసా ఉండదు. అదే కొలంబస్ కేంద్రంగా నడిచిన ఈకాట్ అనే భారీ ఆన్‌లైన్ స్కూలు, విద్యార్థుల లెక్కలపై ప్రభుత్వంతో తలెత్తిన వివాదం ముదిరి, 2018 జనవరిలో విద్యా సంవత్సరం మధ్యలోనే మూతపడినప్పుడు దాదాపు 12 వేల మంది పిల్లలు వేరే బడులు వెతుక్కోవాల్సి వచ్చింది.

మీరు పరిశీలించాల్సింది పిల్లలు అక్కడ నిలుస్తున్నారా లేదా అన్నది. మూడో తరగతిలో 19, ఐదులో 11 ఉన్నంత మాత్రాన ఎనిమిది మంది మానేశారని అనుకోకండి. అవి రెండు వేర్వేరు బ్యాచ్‌లు. నిరుడు మూడో తరగతి చదివినవారిలో ఈ ఏడాది నాలుగో తరగతిలో ఎందరున్నారో చూడాలి. జాతీయ విద్యా గణాంకాల కేంద్రం ప్రకటించే సంఖ్యలు అక్టోబరు 1 నాటికి కాస్త అటూ ఇటూగా తీసినవి. ఆన్‌లైన్ బడుల్లో ఏడాది మధ్యలో చేరేవారూ వెళ్లిపోయేవారూ ఉంటారు కాబట్టి, అక్టోబరులో ఉన్నవారిలో మే నెల వరకు ఎందరు కొనసాగారో బడినే అడగండి.

ఇక 5 శాతం అంటే నలుగురు పిల్లలు. ఇద్దరు పిల్లలున్న ఒక్క కుటుంబం వెళ్లిపోతే అది సగానికి పడిపోతుంది. పైగా తెలుగు, చైనీస్, వియత్నామీస్ కుటుంబాలన్నీ ఆ ఒక్క వర్గంలోకే వస్తాయి. మీ పాపకు తోడు దొరుకుతుందా అన్నది ఆ శాతం చెప్పదు. లైవ్ క్లాసులో తనతో ఎందరు కూర్చుంటారు, వారానికి ఎన్ని గంటలు, పిల్లలు నేరుగా కలిసే సందర్భాలున్నాయా అన్నవే చెబుతాయి.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన విద్యా పరిశోధన కేంద్రం క్రెడో 2015లో వెలువరించిన అధ్యయనంలో, ఆన్‌లైన్ చార్టర్ విద్యార్థులు తమలాంటి ఇతర ప్రభుత్వ బడుల పిల్లలకంటే ఏడాదికి గణితంలో 180 రోజులు, పఠనంలో 72 రోజుల చదువుకు సమానంగా వెనకబడ్డారని తేలింది. ఇది సగటు మాత్రమే, పాతది కూడా; అయినా ఎనిమిదేళ్ల పాప పక్కన పగలంతా ఒక పెద్దవారు ఉండగలిగితేనే ఈ బడి గురించి ఆలోచించమని గట్టిగా చెబుతాను. ఒహాయోలో మూడో తరగతి పఠన పరీక్షకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. గత మూడేళ్ల ఫలితాలు అడగండి. మరీ చిన్న బృందాల ఫలితాలను గోప్యత కోసం బయటపెట్టరు కాబట్టి ఫలితాల పట్టికలో కొన్ని గడులు ఖాళీగా కనిపించవచ్చు.

పిల్లలు ఎందరు కొనసాగారో బడివారు సంఖ్యల్లో చెప్పలేకపోతే ఈ ఏడాదికి అక్కడ చేర్చకండి. మీ ప్రాంతపు ప్రభుత్వ బడి ఏడాది మధ్యలోనైనా పాపను చేర్చుకోవాల్సిందే. అందువల్ల తొందరపడాల్సిన అవసరం మీకు లేదు.